కార్తీకంలో కదలని కారు

నవంబరు 15, శుక్రవారం

పొద్దున్న ఐదున్నరకి కారు స్టార్ట్ అవలేదు. పౌర్ణమి. అమ్మ మూడువందల అరవై ఐదు వత్తులు లెక్కపెట్టుకుంటోంది. నా గొడవ ఎవరికి కావాలి?

నవంబరు 16, శనివారం

ఇవాళ కూడా. తాళం తిప్పితే దీపాలన్నీ వెలుగుతాయి, హారను మోగుతుంది, ఫ్యాను తిరుగుతుంది. ఇంజను దగ్గర మాత్రం చిన్న చప్పుడు కూడా లేదు. దగ్గి దగ్గి ఆగిపోయే బండిని చూశాను. ఇది అసలు నోరే విప్పదు. మా అమ్మలాగ.

క్లచ్చి తొక్కి తొక్కి కాలు నొప్పెట్టింది. మధ్యాహ్నం పన్నెండింటికి కోపంగా వెళ్ళి తిప్పితే ఒక్క దెబ్బకి అందుకుంది.

నవంబరు 18, సోమవారం

నాన్న భోజనాల దగ్గర మొదలుపెట్టారు. హైస్కూల్లో లెక్కలు చెప్పీ చెప్పీ, ఇంట్లో కూడా ఆయన ప్రతి మాటా బోర్డు మీద రాసినట్టే అంటారు.

“భీమవరం ల్యాబులో నువ్వు చేరేది ఎప్పుడు?”

“డిసెంబరు రెండు.”

“చెరువు దగ్గర ఎన్నింటికి ఉండాలి?”

“తెల్లవారకముందే, నాన్నగారూ.”

“మరి ఈ బండి ఎన్నింటికి లేస్తోంది?”

నేను మజ్జిగ పోసుకున్నాను.

రొయ్యల చెరువులో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువుండేది సూర్యుడు రావడానికి కాస్త ముందు. అప్పుడు కొలిస్తేనే నిజం. ఎనిమిదింటికి తీరిగ్గా వెళ్ళి కొలిస్తే ఆ అంకె రైతుని మోసం చేస్తుంది. అందుకే ల్యాబు వాళ్ళు ఐసుపెట్టె, సీసాలు, మీటరు పట్టే సొంత కారు ఉన్నవాళ్ళనే తీసుకుంటామన్నారు. నేను ఎమ్మెస్సీలో చదివిందంతా ఈ పనికే. నాన్న తన స్నేహితుడి దగ్గర పాత కారు కొన్నదీ దీనికే. అది కుదరకపోతే హైదరాబాదు. ఆ పాత ఆఫీసు, ఆ పాత హాస్టలు.

హైదరాబాదు గురించి ఈ పుస్తకంలో రాయనని జూలైలోనే అనుకున్నాను.

అమ్మ ఏమీ అనలేదు. ఉద్యోగం వచ్చిందని చెప్పిన రోజూ ఏమీ అనలేదు. కిందటి వారం చెరువులు చూడటానికి వెళ్ళి బురదకాళ్ళతో తిరిగొస్తే, మర్నాటికల్లా కారులో నా కాళ్ళ కింద కొబ్బరిపీచు పట్టా వేసేసింది. అంబాజీపేట పట్టా, వేలెడు మందం. ఇష్టం లేదని నోటితో చెప్పొచ్చు కదా. చెప్పదు. పట్టాలు వేస్తుంది.

నాకేం బాధ లేదు. ఈ ఉద్యోగం కాకపోతే ఇంకోటి.

నవంబరు 19, మంగళవారం

పొద్దున్న మొండికేసింది. పదకొండింటికి లేచింది. అది ఆగిపోకముందే అప్పాజీ షెడ్డుకి తోలుకెళ్ళాను.

ఊళ్ళో అప్పాజీ షెడ్డంత శుభ్రమైన షెడ్డు లేదు. ఎవరి బండైనా సరే, ముందు కింద పట్టాలు తీసి గోడకి ఆనించి, పేపరు పరిచి గానీ సీట్లో కూర్చోడు. నా పీచు పట్టాని కూడా పట్టుచీరలా రెండు చేతులా మోసుకెళ్ళాడు. కూర్చున్నాడు. తిప్పాడు. స్టార్ట్.

ఆపాడు. తిప్పాడు. స్టార్ట్.

“ఆయ్, బండి బంగారమండి అమ్మాయిగారూ.”

“పొద్దున్నపూట అవట్లేదండి.”

“మంచు పడుతోంది కదండీ. మనకే లేవబుద్ధి కాదు. బ్యాటరీ నీరసంగా ఉండుంటదండి.”

ఇంజను ఆడుతుండగానే పట్టా తెచ్చి నా కాళ్ళ కింద పడేసి, దణ్ణం పెట్టి పంపించాడు.

నవంబరు 20, బుధవారం

తోశారు. నాన్న పంచె ఎగ్గట్టి ఒక పక్క, ఎదురింటి వడ్రంగి వీరబ్రహ్మంగారు ఇంకో పక్క. తాళం తిప్పి ఉంచి, రెండో గేరులో వేసి, బండి నాలుగు గజాలు దొర్లగానే క్లచ్చి వదిలాను. గుర్రుమని అందుకుంది.

“అమ్మాయికి కారు కొన్నారని సంబరపడ్డాంగానీ, ఇలా మాకు కసరత్తు అని తెలీదు మాస్టారూ!” అన్నారు వీరబ్రహ్మంగారు రొప్పుతూ.

నాన్న నవ్వలేదు.

రివర్స్ గేరు కర్రుమంటోంది, పళ్ళు నూరినట్టు. అది నా డ్రైవింగ్. నేర్చుకుని ఆరు నెలలైంది, ఇంకా చేతకాలేదు. ఎవరికీ చెప్పలేదు.

నవంబరు 21, గురువారం

కొత్త బ్యాటరీ.

నవంబరు 22, శుక్రవారం

కొత్త బ్యాటరీతో స్టార్ట్ అవకపోవడం, పాత బ్యాటరీతో స్టార్ట్ అవకపోవడం కంటే అవమానంగా ఉంది.

నవంబరు 23, శనివారం

చాలు. మంచు అనీ, నీరసం అనీ, నా చెయ్యి మంచిది కాదనీ (పాలావిడ కూడా అనేసింది ఇవాళ) ఊరికే అనుకోవడం ఆపేశాను. కాలేజీ ల్యాబులో ఏం చేసేవాళ్ళం? ఒకసారికి ఒక్కటే మార్చేవాళ్ళం. మిగిలినవి కదలనిచ్చేవాళ్ళం కాదు.

తోస్తే లేస్తోంది. అంటే పెట్రోలు వస్తోంది, నిప్పు పడుతోంది, ఇంజను బాగుంది. ఇంజనుని మొదట ఒక తిప్పు తిప్పే మోటారుంది కదా, అందరూ సెల్ఫ్ అంటారు, అదొక్కటే మేలుకోవట్లేదు.

హెడ్‌లైట్లు గోడ మీద వేసి తాళం తిప్పాను. సెల్ఫ్ కరెంటు లాగితే వెలుగు కొంచెమైనా తగ్గాలి. ఇసుమంత కూడా తగ్గలేదు. అంటే సెల్ఫ్ చెడిపోలేదు. దాని దాకా కబురే వెళ్ళట్లేదు.

కబురు వెళ్ళే దారి ఏంటి? బ్యాటరీ నుంచి తాళానికి, తాళం నుంచి క్లచ్చి దగ్గరున్న చిన్న స్విచ్చికి, అక్కడి నుంచి సెల్ఫ్‌కి. క్లచ్చి పూర్తిగా తొక్కితే గానీ ఆ స్విచ్చి నొక్కుకోదు. నొక్కుకోకపోతే ఈ బండిలో సెల్ఫ్ తిరగదు. గేరులో ఉండగా ఎవరైనా తాళం తిప్పితే ముందుకి దూకకుండా అలా పెట్టారట. కారుతో వచ్చిన పుస్తకంలో నూట పధ్నాలుగో పేజీ. ఇన్నాళ్ళూ ఆ పుస్తకం డ్యాష్‌బోర్డులో ఇన్సూరెన్సు కాగితాల కింద పడి ఉంది.

గేరు న్యూట్రల్‌లో పెట్టి, తలకిందులుగా దూరి, ఆ స్విచ్చిని వేలితో నొక్కి పట్టుకుని, రెండో చేత్తో తాళం తిప్పాను.

స్టార్ట్!

తల స్టీరింగుకి కొట్టుకుంది. అయినా నవ్వొచ్చింది. స్విచ్చి అరిగిపోయింది, వేలితో గట్టిగా నొక్కితే గానీ పట్టట్లేదు. అంతే. ఇంత చిన్న నల్ల ముక్క.

నవంబరు 25, సోమవారం

గెలిచాను.

అప్పాజీ స్విచ్చి మార్చాడు. షెడ్డులో పదిసార్లు స్టార్ట్ చేశాం, పదిసార్లూ అయింది. “మెకానిక్కుల పొట్ట కొట్టేలా ఉన్నారండి అమ్మాయిగారు” అన్నాడు. సాయంత్రం ఇంటి ముందు ఆపి మళ్ళీ తిప్పాను, అయింది. నాన్నకి చెప్పాను. అమ్మకి చెప్పాను. వీరబ్రహ్మంగారికి చెప్పాను. ల్యాబుకి ఫోన్ చేసి రెండో తారీఖు ఖాయం అని కూడా చెప్పేశాను.

అమ్మ “మంచిది” అంది. అంతే. ఎవరో దూరపు చుట్టాలకి పిల్లాడు పుట్టాడంటే కూడా ఇంతకంటే ఎక్కువ అంటుంది.

నవంబరు 26, మంగళవారం

స్టార్ట్ అవలేదు.

నవంబరు 27, బుధవారం

నిన్న మిగతాది రాయలేకపోయాను.

మధ్యాహ్నం అప్పాజీ దగ్గరకి వెళ్ళాను. పట్టా తీశాడు, పేపరు వేశాడు, తిప్పాడు, అయింది. తల గోక్కున్నాడు.

“ఒక మాటంటాను, ఏమనుకోకండి. నా చేతికి అవుతోంది. మీ చేతికి అవట్లేదు. బండిలో లేదండి అది.”

“మరి నాలో ఉందా?”

“అలా అని కాదండీ...”

అలా అనే.

రాత్రి భోజనాల దగ్గర నాన్న తీర్పు చెప్పేశారు. సురేష్‌బాబుతో మాట్లాడారట. రావులపాలెంలో పాత కార్ల బేరాలు చేస్తాడు. శుక్రవారం ఇంట్లోంచి బండి పంపకూడదు, ఆదివారం అమావాస్య, కాబట్టి శనివారం పొద్దున్న ఏడింటికి వస్తాడు.

“ఆ టైముకి బండి దానంతటది లేస్తే ఉంచుదాం. లేవకపోతే అతను తీసుకెళ్తాడు, నువ్వు ఆదివారం సాయంత్రం బస్సుకి హైదరాబాదు. నీ పాత ఆఫీసు వాళ్ళు ఇంకా రమ్మంటున్నారు కదా.”

“ఇంకొక్క వారం నాన్నగారూ.”

“వారం తర్వాత రెండో తారీఖు ఉంటుందా ఫణీ?”

ఉండదు. లెక్కల మాస్టారు.

అమ్మ నా కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది. పప్పు!

సరే, హైదరాబాదు. అక్కడ నాకు పనేం కష్టం కాదు. పొద్దున్న నుంచి సాయంత్రం దాకా ఎవరివో పేర్లు, ఎవరివో నంబర్లు ఒక గడిలోంచి ఇంకో గడిలోకి. ఒక రోజు బాత్రూంలో ట్యాపు వదిలేసి గంటసేపు ఆ నీళ్ళే చూస్తూ కూర్చున్నాను. రాయనన్నాను.

నవంబరు 28, గురువారం

ఒక చెడ్డ ఆలోచన వచ్చింది. రాస్తే పోతుందేమో.

సాయంత్రం స్టార్ట్ అవుతుంది. పొద్దున్న అవదు. షెడ్డులో అవుతుంది. ఇంటి దగ్గర, అదీ తెల్లవారేసరికి, అవదు. సాయంత్రానికీ తెల్లవారుకీ మధ్య కారుని ముట్టుకునేది ఎవరు?

తాళాలు దేవుడి గూట్లో ఉంటాయి. కార్తీకం వచ్చిన దగ్గర్నుంచి నాలుగింటికి లేచేది ఒక్కరే.

అమ్మకి ఈ ఉద్యోగం ఇష్టం లేదు.

నవంబరు 29, శుక్రవారం

నాలుగింటికి లేచి, దీపం వెయ్యకుండా, ముందుగది కిటికీ దగ్గర కూర్చున్నాను. సొంత అమ్మ మీద కాపలా.

తలస్నానం చేసి, తడిజుట్టు ముడేసుకుని వచ్చింది. తులసికోట దగ్గర దీపం పెట్టింది. వాకిలి కడిగింది, కారు ముందు చిన్న ముగ్గు వేసింది. తర్వాత కారు తలుపు తీసింది.

తడిగుడ్డతో అద్దాలు తుడిచింది. లోపల మంచుకి పట్టిన చెమ్మ పొడిగుడ్డతో ఒత్తింది. సీటు దులిపింది. పీచు పట్టా తీసి గోడకేసి నాలుగు బాదింది, బురద రాలేదాకా. మళ్ళీ లోపల పరిచి, రెండు చేతులతో ముందుకంటా, గట్టిగా, చాప కింద అంచు నొక్కినట్టు నొక్కింది. చివర్న స్టీరింగుని తాకి ఆ చేతులు కళ్ళకద్దుకుంది.

రెండు వారాలుగా రోజూ ఇదే చేస్తోందన్నమాట. నా కారు తళతళలాడుతోందని నేను ఒక్కరోజు కూడా గమనించలేదు. నాకు చూపు చురుకని కాలేజీలో పేరు.

అమ్మ పెరట్లోకి వెళ్ళాక మెల్లగా వెళ్ళి కూర్చున్నాను. తొక్కాను. తిప్పాను. లేదు.

అప్పుడు అనిపించింది. వేలితో నొక్కితే అయింది. కాలితో నొక్కితే అవట్లేదు. స్విచ్చి కొత్తది. మరి నా కాలు దాన్ని నొక్కుతోందని నాకు ఎవరు చెప్పారు? కాలు ఆగేదాకా తొక్కుతున్నాను, నిజమే. ఎక్కడ ఆగుతోంది?

ఫోనులో లైటు వేసి, వీడియో పెట్టి, కింద మూలకి ఆనించాను. మళ్ళీ తొక్కాను. తీసి చూశాను.

నా పాదం దిగుతోంది. పెడలు దిగుతోంది. దిగి, దిగి, ఇంకా రెండు వేళ్ళ దూరం ఉందనగా అమ్మ ముందుకంటా నొక్కిన పీచు పట్టా మీద మెత్తగా ఆగిపోతోంది. దాన్ని ఎంత తొక్కినా అంతే.

చెప్పులోంచి కాలు తీసి, మడమతో పట్టాని వెనక్కి లాగాను. తొక్కాను. పెడలు నేల దాకా వెళ్ళింది. ఇన్నాళ్ళలో ఎప్పుడూ వెళ్ళనంత లోతుకి. తాళం తిప్పలేదు. తిప్పక్కర్లేదు కూడా. కూర్చుని నవ్వుకున్నాను, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

పొద్దున్న నేను తొక్కిన తొక్కుళ్ళకి పట్టా కొంచెం కొంచెం వెనక్కి జరుగుతుంది. అందుకే మధ్యాహ్నానికి అవుతుంది. తెల్లవారేసరికి అమ్మ మళ్ళీ సర్దుతుంది. రివర్స్ గేరు పళ్ళు నూరిందీ క్లచ్చి పూర్తిగా పడకే. నా డ్రైవింగ్ కాదు. నా డ్రైవింగ్ కాదు!

పట్టా ఎక్కడిదక్కడ పెట్టేశాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే ‘లలిత వేసిన పట్టా’ అని ఊరంతా అమ్మ పేరు చెప్పుకుని నవ్వుతుంది. అది ఒక కారణం. రెండో కారణం అంత గొప్పది కాదు. రేపు ఏడింటికి సురేష్‌బాబు వస్తాడు.

నవంబరు 30, శనివారం

ఇవాళ్టిది తీరిగ్గా రాస్తాను.

ఏడింటికి వచ్చాడు. చల్లటి పొద్దున్న కూడా నల్లకళ్ళద్దాలు. కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, టైరుని బూటుతో తన్ని, “రంగు పోయిందండి మాస్టారూ” అన్నాడు. రంగు పోలేదు.

“ఒకసారి స్టార్ట్ చేసి చూద్దామండి.” కూర్చున్నాడు. పట్టా అమ్మ నాలుగింటికి నొక్కినట్టే ఉంది. నేను ముట్టుకోలేదు. కావాలనే.

తిప్పాడు. లేదు. మళ్ళీ తిప్పాడు. లేదు. మొహంలో సంతోషం దాచుకోవడానికి చాలా కష్టపడ్డాడు.

“ఇంజను పట్టేసిందండి. దీన్ని తీసుకెళ్ళి నేనేం చేసుకోనండి? ఏదో మీ మొహం చూసి పట్టుకెళ్ళాలి. ఆడపిల్లలకి ఇస్తే ఇంతేనండి బళ్ళు, ఎక్కడో ఏదో చేసేస్తారు.”

నాన్న తల కిందకి వాలింది. ఆయన నన్ను తిట్టినప్పుడు కూడా నాకంత బాధ కలగలేదు.

“కొంచెం దిగుతారా అండీ?” అన్నాను.

“ఎందుకమ్మా?”

“లోపలంతా దుమ్ముగా ఉంది. దులిపిస్తాను. మీరు పట్టుకెళ్ళే బండి కదా.”

దిగాడు. నేను పట్టా తీసి, గోడకేసి రెండు దులుపులు దులిపి, గోడకే ఆనించాను. కూర్చున్నాను. తొక్కాను. తిప్పాను.

స్టార్ట్.

ఎదురింటి అరుగు మీద వీరబ్రహ్మంగారు “ఓహో!” అని లేచి నిలబడ్డారు.

సురేష్‌బాబు అద్దాలు తీశాడు. “ఒక్కోసారి అలా అందుకుంటాయండి, గాలివాటంగా.”

నాన్నది అదే అనుమానం. “ఒకసారి అవడం రుజువు కాదు. ఆపి మళ్ళీ వెయ్యి.”

వేశాను.

“మళ్ళీ.”

వేశాను.

ఆయన లెక్కపెట్టడం మొదలెట్టారు, మొదట మామూలుగా, తర్వాత గట్టిగా, చివరికి క్లాసులో ఎక్కాలు చెప్పించినట్టు. “ఏడు! ఎనిమిది!” వీరబ్రహ్మంగారు కూడా కలిశారు. పదిహేనుకి నాన్న చెయ్యెత్తి ఆపారు. పంచె సర్దుకున్నారు.

“సురేష్‌బాబుగారూ, కాఫీ తాగి వెళ్ళండి. బండి అమ్మట్లేదు.”

“అదేంటండి మాస్టారూ, ఇంత దూరం వచ్చానూ!”

“అందుకే కాఫీ తాగమంటున్నాను.”

నేను రివర్స్‌లో వేసి వాకిట్లోంచి వీధిలోకి తీశాను. గేరు వెన్నలా పడింది. వీధి చివరిదాకా వెళ్ళి, తిరిగి వచ్చి, మళ్ళీ వెళ్ళాను. ఏ పనీ లేదు. ఊరికే.

తిరిగొచ్చేసరికి అమ్మ గుమ్మంలో ఉంది. గోడకి ఆనించిన పట్టా చూసింది. తెరిచిన తలుపులోంచి క్లచ్చి చూసింది. నన్ను చూసి లోపలికి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం అప్పాజీకి మాత్రం చెప్పేశాను, ఎవరికీ చెప్పనని ఒట్టేయించుకుని. అతను గోడకి ఆనించి ఉన్న ఇంకెవరివో పట్టాల వైపు తిరిగి చూశాడు.

“అంటే... నేను తీసేసి కూర్చుంటున్నాను కాబట్టి...”

“అవునండి.”

“పదిహేనేళ్ళ నుంచి తీసేసే కూర్చుంటున్నానండి అమ్మాయిగారూ! శుభ్రమని!” నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. “ఆయ్, ఇలా ఎన్ని బళ్ళని బాగున్నాయని పంపించేశానో!”

డిసెంబరు 1, ఆదివారం

పొద్దున్న పట్టా కత్తిరించి ఉంది. పెడళ్ళ దగ్గర అర్ధచంద్రంలా, అంచు పీచు ఊడకుండా ఎర్రగుడ్డతో కుట్టి.

వంటింట్లోకి వెళ్ళి అమ్మ పక్కన నిలబడ్డాను. కంద తరుగుతోంది.

“నీకు ఈ ఉద్యోగం ఇష్టం లేదనుకున్నాను” అన్నాను.

“ఎవరు చెప్పారు?”

“నువ్వేమీ అనలేదు కదా.”

“మీ నాన్న అంటూనే ఉన్నారు కదా, ఇంక నేను కూడా ఎందుకు?” కత్తిపీట మీంచి తలెత్తలేదు. “అయితే రెండు వారాలు నేను సర్దడం, ఆయన తోయడమూనా?”

“అవును.”

“పంచె ఎగ్గట్టి.”

“అవునమ్మా.”

మొదట భుజాలు కదిలాయి. తర్వాత కంద పక్కన పెట్టేసి, చెంగు నోట్లో కుక్కుకుని, కళ్ళల్లోంచి నీళ్ళు కారేదాకా నవ్వింది. నాన్న గుమ్మం దగ్గరకొచ్చి “ఏంటి, ఏమైంది?” అన్నారు. మేమిద్దరం చెప్పలేదు. ఎప్పటికీ చెప్పం.

డిసెంబరు 2, సోమవారం

అమ్మ నాలుగింటికే అరటిదొప్పల్లో దీపాలు పట్టుకుని కాలవకి వెళ్ళిపోయింది. పోలిని సాగనంపే రోజు. నేను నాలుగుంపావుకి బయల్దేరాను. మొదటి తిప్పుకే లేచింది. కాలవగట్టు పక్కనుంచి వెళ్తుంటే నీళ్ళ మీద దీపాలు వరసగా పోతున్నాయి. వాటిలో అమ్మది ఏదో తెలీదు. హారను మోగించాను. ఆడవాళ్ళంతా తిరిగి చూశారు, ఒక్కరు చెయ్యెత్తారు.

వీరవాసరం దాటాక అబ్బాయిరాజుగారి చెరువులు. నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతున్నాయి, మంచులో మనిషి కనపడడు, టార్చిలైటు మాత్రం నా వైపు వచ్చింది.

“ఎవరది? ల్యాబు కారేనా? సారు దిగలేదేంటి?”

“సారు లేరండి. నేనే.”

“డ్రైవరు?”

“నేనేనండి.”

టార్చి నా మొహం మీద పడింది, తర్వాత కాళ్ళ మీద, తర్వాత కారు మీద. టార్చి వెనక అబ్బాయిరాజుగారే అయ్యుండాలి, ఆరడుగుల మనిషి, భుజాన తువ్వాలు, బురద మోకాలిదాకా. నమ్మలేదు. నేను మీటరు తీసి, గట్టు దిగి, మూడో చెరువులో పెట్టాను. మూల దగ్గర ఒకసారి, చెరువు మధ్యకి వేసిన చెక్క మీదకి వెళ్ళి ఒకసారి.

“ఆక్సిజన్ మూడు కూడా లేదండి ఈ మూల, నాలుగైనా ఉండాలి. ఆ చివర ఏరేటరు తిరుగుతోందిగానీ నీళ్ళు ఇటు రావట్లేదు. దాన్ని కొంచెం ఇటు తిప్పించండి, ఇప్పుడే. మేత పొద్దెక్కేదాకా ఆపండి.”

ఆయన మంచులోకి గట్టిగా కేకేశాడు, ఏరేటరు తిప్పమని. మనుషులు పరిగెత్తారు. నేను సీసాలు నింపుకుని, మూతలు బిగించి, పేర్లు రాసి, ఐసుపెట్టెలో సర్దాను. తూర్పు తెల్లబడుతోంది. అరగంటకి మళ్ళీ కొలిచాను. మూడున్నర.

కారు దాకా ఆయనే ఐసుపెట్టె మోసుకొచ్చాడు.

“రేపు ఇంకో అరగంట ముందు రాగలరాండి? అవతల మా తమ్ముడి చెరువులు కూడా చూద్దురుగానీ.”

వస్తానన్నాను. కారుని అడగలేదు.